పయనీర్ కుటుంబాల కథలు: లిటిల్ హౌస్‌తోనే మొదలుపెట్టాలా?

అసలు సలహా ముందే చెప్పేసి, తర్వాత కారణాల్లోకి వెళ్తాను. లారా ఇంగల్స్ వైల్డర్ పిల్లల కోసం రాసిన లిటిల్ హౌస్ పుస్తకాలు తొమ్మిదీ ఉన్న బాక్స్ సెట్ ఒకేసారి కొనకండి. ఎవరైనా గిఫ్ట్‌గా ఇచ్చినా సరే, ఆ సిరీస్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ ఉంది చూశారూ, దాంతో మాత్రం మొదలుపెట్టకండి. పిల్లలకు ఇంకా తొమ్మిదేళ్లు దాటకపోతే ఫార్మర్ బాయ్ ఇవ్వండి. పదేళ్లు దాటితే ద బర్చ్‌బార్క్ హౌస్ ఇవ్వండి. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేసి లైబ్రరీకి వెళ్లిపోవచ్చు.

ఈ పుస్తకాలు అసలు దేని గురించో తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. 19వ శతాబ్దంలో అమెరికాలో వేలాది కుటుంబాలు గుడ్డ గూడు కట్టిన గుర్రపు బండ్లలో పిల్లాజెల్లాతో, ఆవుతో, కుక్కతో పడమటికి బయలుదేరాయి, పయనీర్లంటే వీళ్లే. 1862లో హోమ్‌స్టెడ్ చట్టం వచ్చింది. కొద్దిపాటి ఫీజు కట్టి, ఐదేళ్లు అక్కడే కాపురముండి సాగు చేస్తే 160 ఎకరాలు సొంతం అని దాని సారం. అలా వెళ్లి అడవిలోనో గడ్డి మైదానంలోనో ఇల్లు కట్టుకుని, మంచుకీ మిడతలకీ జ్వరాలకీ ఎదురు నిలిచి బతికిన కుటుంబాల కథలివి, ఎక్కువగా ఒక పిల్లో పిల్లాడో చూసినట్టుగా చెప్పినవి. మన వైపు కూడా కాలవ నీళ్లొచ్చిన చోటికి రైతులు తరలిపోయారు కదా, నిజాంసాగర్ కింద బోధన్ చుట్టుపక్కలకి, తుంగభద్ర కింద గంగావతి, సింధనూరు వైపు క్యాంపులకి. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా అలా వెళ్లి పాకలో కాపురం మొదలుపెట్టిన వాళ్లయితే ఈ పుస్తకాల్లో సగం సంగతులు వాళ్లే బాగా చెప్తారు. కాకపోతే అమెరికా కథలో పెద్ద చిక్కు ఒకటుంది. ఆ 160 ఎకరాలు ఖాళీగా పడి ఉన్న నేల కాదు, అక్కడ అప్పటికే మనుషులున్నారు. ఏ పుస్తకం ఆ మనుషుల్ని చూసింది, ఏది చూడనట్టు పక్కకి తిరిగింది అనేది ఎంపికలో నా మొదటి ప్రశ్న.

రెండో ప్రశ్న మీ పిల్లల గురించి. కొంతమంది పిల్లలకు పని ఎలా చేస్తారో చూడటం ఇష్టం, వెన్న ఎలా తీస్తారు, గోడ ఎలా కడతారు, తలుపుకి మేకులు లేకుండా బందులు ఎలా బిగిస్తారు, యూట్యూబ్‌లో గంటలు గంటలు అవే చూస్తారు. ఇంకొంతమందికి "తర్వాత ఏమైంది" అనేదే కావాలి, రెండు పేజీలు ఏమీ జరగకపోతే పుస్తకం మూసేస్తారు. ఈ తేడా చూసుకోకుండా, అందరూ గొప్పదంటున్నారని ఒక పుస్తకం చేతిలో పెడితే అది షెల్ఫ్‌లో దుమ్ము పట్టడమే. వయసు కంటే ఇది ముఖ్యం అంటాను నేను.

చిన్నవాళ్లకి మూడు దారులు

ఏడు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకి గట్టిగా మూడు పుస్తకాలు పోటీలో ఉంటాయి: లిటిల్ హౌస్ ఇన్ ద బిగ్ వుడ్స్, ఫార్మర్ బాయ్, శారా ప్లెయిన్ అండ్ టాల్.

బిగ్ వుడ్స్ 1932లో వచ్చింది, సిరీస్‌లో మొదటిది. రచయిత్రి లారా ఇంగల్స్ వైల్డర్‌కి అప్పటికి 65 ఏళ్లు. విస్కాన్సిన్‌లో పెపిన్ అనే ఊరి దగ్గర అడవిలో తన చిన్నతనం గురించి రాసుకున్నారు, కానీ "నేను" అనకుండా లారా అనే పిల్ల కథలాగా. ఇందులో చెప్పుకోదగ్గ కథంటూ లేదు. ఏడాది పొడుగునా ఏ కాలంలో ఏ పని చేస్తారో అదే పుస్తకం. సోమవారం బట్టలు ఉతకడం, మంగళవారం ఇస్త్రీ, గురువారం చల్ల చిలకడం, ఇలా అమ్మకి వారానికో పట్టిక. చలికాలంలో వెన్న తెల్లగా వస్తుందని క్యారెట్ తురిమి పాలలో ఉడికించి రంగు తెప్పించే ఘట్టం ఒకటుంది, ఇంట్లో కవ్వం చూసిన పెద్దవాళ్లు పక్కన ఉండి చదివితే ఆ పేజీలు అరగంట పడతాయి, ఎందుకంటే వాళ్ల జ్ఞాపకాలు మొదలవుతాయి.

శాకాహారం తినే ఇళ్లవాళ్లకి ఒక హెచ్చరిక. మొదటి అధ్యాయంలోనే పంది కోత ఉంది, దాని మూత్రాశయాన్ని ఊది పిల్లలు బెలూన్‌లా ఆడుకుంటారు. జున్ను గట్టిపడటానికి దూడ కడుపు పొర వాడతారు. రాసిన తీరులో క్రూరత్వం ఏమీ లేదు, చలికాలానికి తిండి దాచుకోవడం అంటే అప్పుడు అదే. అయినా ముందే తెలిస్తే మీరు తడబడకుండా చదువుతారు. ఇంకొకటి, అక్క మేరీది బంగారు రంగు జుట్టు, లారాది గోధుమ రంగు. ఎవరిది బాగుందన్న గొడవలో లారా అక్కని కొడుతుంది, నాన్న తోలు పట్టీతో లారాని కొడతాడు. ఇంటికొచ్చిన చుట్టాలు పిల్లల రంగు మీద మాట్లాడే ఇళ్లలో పెరుగుతున్న వాళ్లకి లారా బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఫార్మర్ బాయ్ 1933లో వచ్చింది. లారా గురించి కాదు, తర్వాత ఆమెకి భర్త అయిన అల్మాంజో చిన్నతనం గురించి. న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన మలోన్ దగ్గర కలిగిన రైతు కుటుంబం. నిక్కచ్చిగా చూస్తే ఇది పయనీర్ కథ కూడా కాదు, వాళ్లకి స్థిరమైన పొలం, పెద్ద కొట్టాలు, గుర్రాలు అన్నీ ఉన్నాయి. అయినా మొదటి పుస్తకంగా దీన్నే ఎందుకు ఎంచుకుంటానంటే, ఇందులో కోరిక ఉంది. ఇంకా తొమ్మిదేళ్లు నిండని ఆ పిల్లాడికి నాన్న గుర్రప్పిల్లల్ని తనని ముట్టుకోనివ్వాలి, అంతే కావాలి. పుస్తకం మొత్తం ఆ ఒక్క ఆశ మీద నడుస్తుంది, కాబట్టి కథ కావాలనే పిల్లలకీ పని ఎలా చేస్తారో కావాలనే పిల్లలకీ ఇద్దరికీ సరిపోతుంది. చెరువులో మంచుగడ్డలు కోసి రంపపు పొట్టులో దాచి వేసవి దాకా కరగకుండా ఉంచడం, కోడెదూడలకి కాడి అలవాటు చేయడం, గొర్రెల ఉన్ని కత్తిరించడం. ఇక తిండి. ప్రతి పది పేజీలకీ ఒక భోజనం, అదీ పూర్తి వివరంగా. అన్నం తినడానికి మారాం చేసే పిల్లల పక్కన కూర్చుని చదివి చూడండి.

అల్మాంజో నిమ్మరసం కొనుక్కోవడానికి ఐదు సెంట్లు అడిగితే నాన్న అర డాలర్ చేతిలో పెట్టి, దీని వెనక ఎంత బంగాళాదుంప సాగు ఉందో చెప్పు అని అడిగే ఘట్టం ఒక్కటి చాలు, పిల్లలకి డబ్బు గురించి మనం ఇచ్చే ఉపన్యాసాలన్నీ దాని ముందు దండగ. లోపం లేదా అంటే, ఉంది. మొదట్లోనే స్కూల్లో పెద్ద కుర్రాళ్లు మేష్టర్ని కొట్టడానికి రావడం, ఆయన ఎడ్లని తోలే కొరడాతో వాళ్లని రక్తాలొచ్చేలా బాదడం ఉంటుంది. సున్నితమైన పిల్లలైతే ఆ అధ్యాయం మీరు ముందు చదువుకుని, చదవాలో దాటేయాలో చూసుకోండి.

మూడోది శారా ప్లెయిన్ అండ్ టాల్. 1985లో పట్రీషియా మక్లాక్లన్ రాసింది, 1986లో న్యూబరీ మెడల్ (అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే పెద్ద బహుమతి) వచ్చింది. అరవై పేజీలు కూడా ఉండదు. గడ్డి మైదానంలో ఒంటరి ఇల్లు, తల్లి చనిపోయిన ఇద్దరు పిల్లలు ఆనా, కేలబ్, తండ్రి పేపర్లో భార్య కావాలని ప్రకటన వేస్తాడు, సముద్రపు ఒడ్డున మెయిన్ రాష్ట్రం నుంచి శారా అనే ఆవిడ నెల రోజులు ఉండి చూస్తానని వస్తుంది. ఇక పిల్లలిద్దరికీ ఒకటే టెన్షన్, ఈవిడ ఉంటుందా, సముద్రం మీద బెంగతో వెళ్లిపోతుందా. పెద్ద సంఘటనలు లేవు. ఊరు మారిన పిల్లలకి, అమ్మమ్మని వదిలి ఇంకో దేశం వెళ్లిన పిల్లలకి, ఇంట్లోకి కొత్త మనిషి వచ్చిన పిల్లలకి ఇది మిగతా రెండింటి కంటే దగ్గరగా అనిపిస్తుంది. ఇంగ్లీష్ ఇంకా తడబడుతూ చదివే పిల్లలకి కూడా ఇదే నా మొదటి మాట, వాక్యాలు చిన్నవి, పదాలు తేలిక, రెండు మూడు రాత్రుల్లో అయిపోతుంది, ఒక పుస్తకం పూర్తి చేశానన్న గర్వం మిగులుతుంది. తల్లి మరణం ప్రస్తావన మొదటి పేజీల్లోనే వస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

ఇక ఆ ప్రెయిరీ పుస్తకం

లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ చెడ్డ పుస్తకం కాదు. మంచి పుస్తకం కాబట్టే జాగ్రత్త కావాలి. గడ్డి సముద్రంలో బండి ప్రయాణం, పొంగుతున్న వాగు దాటడం, కుక్క జాక్ కొట్టుకుపోయిందనుకున్నాక జరిగేది, రాత్రంతా ఇంటి చుట్టూ తోడేళ్లు కూర్చోవడం, ఇవన్నీ పిల్లల్ని కదలనివ్వవు. అంత మైమరచి వింటున్నప్పుడే పక్కింటావిడ మిసెస్ స్కాట్ నోటి నుంచి, చచ్చిన ఇండియనే మంచి ఇండియన్ అనే అర్థం వచ్చే మాట వస్తుంది (ఇండియన్లంటే ఇక్కడ మనం కాదు, అమెరికా మూలవాసులు). పుస్తకంలో ఆ మాట ఒక్కసారి వచ్చి పోయేది కాదు. అమ్మకి వాళ్లంటే అసహ్యం, నాన్న కాస్త మెతక, లారాకి కుతూహలం. కానీ అక్కడ ముందునుంచీ ఉన్న ఓసేజ్ తెగ జనంలో ఒక్కరి ఇంట్లోకి కూడా కథ మనల్ని తీసుకెళ్లదు. బయటి నుంచి చూసి భయపడటమో, వింతగా చూడటమో, అంతే.

అసలు జరిగిందేమిటో పెద్దవాళ్లు తెలుసుకుని ఉంటే మంచిది. కాన్సస్‌లో ఇంగల్స్ కుటుంబం దిగిన చోటు ఓసేజ్‌లకి చట్టప్రకారం మిగిలిన భూమి. అంటే అక్కడ ఇల్లు కట్టడమే ఆక్రమణ. పుస్తకంలో ఇండిపెండెన్స్ అనే పట్నం నుంచి 40 మైళ్లు వెళ్లారని ఉంటుంది, నిజానికి ఇల్లు ఉన్నది 13 మైళ్ల దూరంలోనే. చివర్లో సైనికులొచ్చి సెటిలర్లని పంపేస్తారని భయపడి నాన్న బండి కడతాడు. చరిత్రలో ఆ నేల వదిలి పోవాల్సి వచ్చింది ఓసేజ్‌లే, ఇప్పటి ఓక్లహోమాలోకి. లారాకి అప్పుడు రెండు నుంచి నాలుగేళ్ల వయసు, కాబట్టి ఇందులో చాలా భాగం తల్లిదండ్రులు చెప్పినదీ కూతురు రోజ్ వైల్డర్ లేన్ దిద్దినదీ కలిపి అల్లిన కల్పన. అసలు వరస కూడా వేరు, ఆ కుటుంబం కాన్సస్‌కి వెళ్లి 1871లో మళ్లీ విస్కాన్సిన్ అడవికి తిరిగొచ్చింది. మొదటి పుస్తకంలోని జ్ఞాపకాలు చాలావరకు ఆ తిరిగొచ్చిన తర్వాతివి.

1935 నాటి మొదటి ముద్రణలో ఆ ప్రాంతంలో మనుషులే లేరు, ఇండియన్లు మాత్రమే ఉన్నారు అన్న భావంతో ఒక వాక్యం ఉండేది. అంటే ఇండియన్లు మనుషుల లెక్కలోకి రారా అని 1952లో ఎవరో పాఠకులు ఉత్తరం రాస్తే, రచయిత్రి ఒప్పుకుని "మనుషులు" అన్నచోట "సెటిలర్లు" అని మార్పించారు. 2018లో అమెరికా లైబ్రరీ సంఘంలోని పిల్లల విభాగం ఆమె పేరు మీద 1954 నుంచి ఇస్తున్న అవార్డుకి పేరు మార్చేసింది. దాని మీద పెద్ద గొడవే జరిగింది. పుస్తకాలు నిషేధించారని కొందరు ప్రచారం చేశారు, అది నిజం కాదు, లైబ్రరీల్లో హాయిగా దొరుకుతాయి.

నా లెక్క ఇది: ఈ పుస్తకం పదేళ్లు దాటాక, పక్కన పెద్దవాళ్లు కూర్చుని చదవాలి, ఒంటరిగా చదివించకూడదు. ఆ మిసెస్ స్కాట్ మాట వచ్చినప్పుడు గబగబా దాటేయకండి. ఆగి, "వాళ్ల ఇంట్లోకి చెప్పకుండా వచ్చింది ఎవరు?" అని అడగండి. పిల్లలు మనం అనుకున్న దానికంటే తొందరగా అందుకుంటారు.

ఈ పుస్తకంలోనే మన వాళ్లకి నచ్చే ముచ్చట ఒకటుంది. ఇంట్లో అందరికీ చలిజ్వరం వస్తుంది, లేచి నీళ్లిచ్చే దిక్కుండదు. పుచ్చకాయ తినడం వల్ల వచ్చిందని పక్కింటావిడ తీర్పు. అది మలేరియా అని, దోమల వల్ల వస్తుందని అప్పట్లో ఎవరికీ తెలియదని రచయిత్రి చెప్తుంది. ఆ తెలియనితనం పోయింది సికింద్రాబాద్‌లో! 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది అక్కడే, బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. హైదరాబాద్ పిల్లలకి ఆ అధ్యాయం చదివాక అక్కడికి తీసుకెళ్లి చూపించవచ్చు. కథలో వాళ్లకి మందిచ్చి కాపాడిన డాక్టర్ టాన్ నల్లజాతి వైద్యుడు, జార్జ్ టాన్ అనే నిజమైన మనిషి. ఇన్ని లోపాలున్న పుస్తకంలోనే అది కూడా ఉంది.

అదే నేల, ఇంకో ఇంటి గుమ్మం

ద బర్చ్‌బార్క్ హౌస్ 1999లో వచ్చింది. రాసింది లూయీస్ ఎర్‌డ్రిక్, ఆవిడ స్వయంగా ఒజిబ్వే అనే మూలవాసి తెగ వారసురాలు, బొమ్మలు కూడా ఆవిడే గీశారు. 1847, సుపీరియర్ సరస్సులో మెడలీన్ దీవి. ఒమకాయాస్ అనే ఏడేళ్ల పిల్ల, అక్క, పిన్చ్ అనే అల్లరి తమ్ముడు, ముద్దుల పసివాడు నీవో, అమ్మ, నాన్న, అవ్వ. ఆ దీవి కూడా విస్కాన్సిన్‌లోనే ఉంది, అంటే బిగ్ వుడ్స్ జరిగిన రాష్ట్రమే, దాదాపు పాతికేళ్ల ముందు.

రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే భలే ఉంటుంది. రెండింట్లోనూ ఏడాది పనుల చక్రమే కథ. రెండింట్లోనూ చెట్టు రసం కాచి చక్కెర చేసే అధ్యాయం ఉంది. రెండింట్లోనూ ఎలుగుబంటి ఉంది, కానీ అక్కడ లారా వాళ్లమ్మ ఆవనుకుని చీకట్లో చేత్తో చరిస్తే అది ఎలుగుబంటి అని తేలి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరిగెడతారు, ఇక్కడ ఒమకాయాస్ పిల్ల ఎలుగులతో ఆడుకుంటూ ఉంటే తల్లి ఎలుగు వచ్చి మీద నిలబడుతుంది, ఆ పిల్ల దాంతో అవ్వా అని మర్యాదగా మాట్లాడుతుంది. ఒకే అడవి గురించి రెండు కుటుంబాల బుద్ధి ఎంత వేరో పిల్లలకి ఉపన్యాసం లేకుండా తెలిసిపోయేది ఇలాంటి చోటే. తోలు గీకే పని ఒమకాయాస్‌కి అస్సలు ఇష్టం ఉండదు, తప్పించుకోవడానికి చూస్తుంది. తమ్ముడి మీద ఒళ్లు మండిపోతూ ఉంటుంది. ఏ ఇంట్లో పిల్లకైనా వెంటనే స్నేహితురాలైపోతుంది.

బరువైన సంగతి మశూచి. కథ మొదలయ్యేదే ఊరంతా మశూచితో పోయిన ఒక దీవి మీద, ఒక్క పసిబిడ్డ మిగిలి ఉండగా. చలికాలంలో అదే రోగం ఒమకాయాస్ ఇంటికి వస్తుంది, ఇంట్లో ఒక మరణం జరుగుతుంది, ఎవరిదో చెప్పను. అందుకే దీన్ని పదేళ్లు దాటిన వాళ్లకి అన్నాను. తొమ్మిదేళ్లకే గట్టి పిల్లలైతే మీరు కలిసి చదివితే ఇబ్బంది లేదు. మన ఊళ్లలో అమ్మవారు పోసిందని ఇంటికి వేపాకులు కట్టిన రోజులు గుర్తున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఆ భాగం వాళ్లకి వినిపించండి, వాళ్లు చెప్పేది పుస్తకంలో లేనిది అవుతుంది. ఒజిబ్వే మాటలు మొదట్లో నోరు తిరగవు, వెనక పదాల పట్టీ ఉంది, రెండు అధ్యాయాలు దాటితే అలవాటైపోతుంది. దీనికి తర్వాతి భాగాలు కూడా ఉన్నాయి, రెండోది ద గేమ్ ఆఫ్ సైలెన్స్, అందులో ఆ కుటుంబాన్ని దీవి నుంచి వెళ్లిపొమ్మంటారు. ప్రెయిరీ పుస్తకం చదివే ముందు పిల్లలకి ఈ రెండూ తెలిసి ఉంటే, ఆ పుస్తకంలో కిటికీ అవతల నడిచిపోయే మనుషులకి పేర్లు లేకపోయినా పిల్లల బుర్రలో పేర్లు ఉంటాయి.

పదేళ్లు దాటిన అల్లరి పిల్లలకి, పట్టుదల పిల్లలకి

ఆడపిల్ల అల్లరి చేస్తే ఎవరూ ఒప్పుకోని ఇళ్లలో కాడీ ఉడ్‌లాన్ నచ్చుతుంది. కారల్ రైరీ బ్రింక్ 1935లో తన అమ్మమ్మ చిన్నతనం ఆధారంగా రాశారు, 1936లో న్యూబరీ వచ్చింది. 1864లో విస్కాన్సిన్, 11 ఏళ్ల కాడీ అన్నదమ్ములతో సమానంగా నదులు ఈది, చెట్లెక్కి తిరుగుతుంది. జబ్బుగా ఉన్న పిల్లని నాలుగు గోడల మధ్య పెట్టకుండా వదిలేయమన్నది తండ్రే. నవ్వించే పుస్తకం, ఆ విషయంలో లిటిల్ హౌస్ కంటే ఒక మెట్టు పైన. ఇండియన్లు దాడి చేస్తారన్న పుకారుతో ఊరంతా వాళ్ల ఇంట్లో చేరిపోతే, కాడీ ఒక్కతే గుర్రమెక్కి వెళ్లి వాళ్లని హెచ్చరిస్తుంది, భయం ఎటు వైపు నుంచి పుడుతుందో అక్కడ తెలుస్తుంది. ఆ కాలానికి అది మంచి చూపే. అయినా ఇండియన్ జాన్ పాత్ర మాట్లాడే ముక్కలు ముక్కల ఇంగ్లీష్, మిశ్రమ వివాహపు పిల్లల్ని పిలిచే మాట, ఇవి ఇప్పుడు చదివితే చెవికి గుచ్చుకుంటాయి. పైగా చివరి భాగంలో తండ్రి ఆడపిల్ల అంటే ఎలా ఉండాలో చెప్పే ఉపదేశం ఒకటుంది, నాకైతే అదొక్కటీ చిరాకు. అంత అల్లరి పిల్లని చివరికి లొంగదీసినట్టు అనిపిస్తుంది. మీ అమ్మాయి ఏమంటుందో అడగండి.

అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలకి, ముఖ్యంగా క్లాసులో తనొక్కతే వేరుగా కనిపించే పిల్లకి, ప్రెయిరీ లోటస్ ఇవ్వండి. లిండా సూ పార్క్ 2020లో రాశారు. కొరియన్ అమెరికన్ అయిన ఆవిడ చిన్నప్పుడు లిటిల్ హౌస్ పిచ్చి అభిమాని, ఆ పిచ్చితోనే ఆ పుస్తకాలతో పోట్లాడుతూ రాసిన పుస్తకం ఇది. 1880, డకోటా టెరిటరీ, ఒక కల్పిత పట్నం. హానా అనే అమ్మాయికి 14 ఏళ్లు, తండ్రి తెల్లవాడు, చనిపోయిన తల్లి చైనీస్. తండ్రి బట్టల కొట్టు పెడతాడు, హానాకి బడి పూర్తి చేయాలని, మంచి గౌన్లు కుట్టాలని ఆశ. ఆ పిల్ల బడిలో అడుగుపెట్టగానే కొందరు తల్లిదండ్రులు తమ పిల్లల్ని మాన్పించేస్తారు. చైనీయులు అమెరికా రాకుండా చట్టం వచ్చింది 1882లో, అంటే కథ జరిగిన రెండేళ్లకే, ఆ గాలి పుస్తకమంతా ఉంది. హానా మీద ఇద్దరు తాగుబోతులు దాడి చేసే ఘట్టం ఉంది కాబట్టి 11 దాటాకే. సాహిత్యంగా చూస్తే బర్చ్‌బార్క్ హౌస్ అంత లోతు లేదు, కొన్నిచోట్ల పాఠం చెప్తున్నట్టు ఉంటుంది. కానీ కుట్టు పని గురించి రాసిన పేజీలు చాలా బాగుంటాయి, గౌను డిజైన్ చేసే పిల్లలు వాటికే పడిపోతారు.

చదవడమంటేనే భయపడే పిల్లలకి మే బి అని ఒకటుంది, కరొలైన్ స్టార్ రోజ్ 2012లో కవితల రూపంలో రాసిన నవల. కాన్సస్‌లో మట్టిపెళ్లల ఇంట్లో ఒంటరిగా చిక్కుకుపోయిన 12 ఏళ్ల పిల్ల. ఆ పిల్లకే అక్షరాలు కుదురుగా నిలవవు, చదువు రాదని అందరూ అనుకుంటారు. పేజీకి కొన్నే లైన్లు, కాబట్టి గబగబా పేజీలు తిరుగుతాయి.

లిటిల్ హౌస్‌లో నిజంగా వదలకూడనివి

సిరీస్ వరసలోనే చదవాలన్న నియమం పెట్టుకోకండి. నన్నడిగితే అన్నిటిలో గొప్పది ద లాంగ్ వింటర్, 1940లో వచ్చింది. 1880 అక్టోబర్‌లో మొదలైన మంచు తుపాన్లు వసంతం దాకా ఆగలేదు, ఇప్పటి దక్షిణ డకోటాలోని డి స్మెట్ అనే చిన్న పట్నానికి రైళ్లు రావడం ఆగిపోయింది. బొగ్గు లేదు, గడ్డిని తాడులా మెలిపెట్టి పొయ్యిలో వేస్తారు. పిండి లేదు, విత్తనాల గోధుమని కాఫీ గింజల మరలో వేసి రోజంతా వంతులవారీగా తిప్పి రొట్టె చేస్తారు. నాన్న ఫిడేలు వాయించబోతే చలికి వేళ్లు కదలవు. పేజీ పేజీకీ చలి పెరుగుతుంది, హైదరాబాద్ మే నెలలో చదివినా దుప్పటి కావాలనిపిస్తుంది. ఆకలి గురించి పిల్లల పుస్తకంలో ఇంత నిజాయితీగా రాయడం అరుదు. లారాకి ఇందులో 14 వస్తాయి, కాబట్టి 11, 12 ఏళ్ల వాళ్లు సులువుగా కలిసిపోతారు. ముందు పుస్తకాలు చదవకపోయినా అర్థమవుతుంది. ఇందులోనూ తుపాన్ల గురించి హెచ్చరించడానికి వచ్చే ముసలి ఇండియన్ చేత అదే ముక్కల ఇంగ్లీష్ మాట్లాడిస్తారు, అది తప్పలేదు.

ఆన్ ద బ్యాంక్స్ ఆఫ్ ప్లమ్ క్రీక్ రెండో స్థానంలో పెడతాను. మిన్నెసోటాలో వాగు గట్టు తవ్విన మట్టి ఇంట్లో కాపురం, పైన నడిచిన ఎద్దు కాలు కప్పులోంచి దిగబడటం, పండబోతున్న గోధుమ మీద మిడతల దండు దిగడం. నాన్న పంట మీద ఆశతో ముందే అప్పు చేసి పలకల ఇల్లు కట్టేస్తాడు, ఆ అప్పు కథ మన రైతు ఇళ్ల పిల్లలకి కొత్తగా అనిపించదు. 2020 వేసవిలో మహారాష్ట్ర దాకా మిడతలొచ్చి తెలంగాణ సరిహద్దు జిల్లాల్ని అప్రమత్తం చేసిన సంగతి గుర్తున్న పిల్లలైతే ఇంకా ఆసక్తిగా వింటారు. సిల్వర్ లేక్ పుస్తకం మొదట్లో కుక్క జాక్ చనిపోతుంది, మేరీకి చూపు పోతుంది, కుక్కల్ని ప్రేమించే పిల్లలకి ముందే చెప్పి ఉంచండి. లిటిల్ టౌన్ ఆన్ ద ప్రెయిరీలో ఊరి మగవాళ్లు ముఖానికి నలుపు పూసుకుని నల్లవాళ్లని వెక్కిరించే ఆట ఆడతారు, నాన్న కూడా అందులో ఉంటాడు, అది ఎందుకు తప్పో పెద్దవాళ్లు చెప్పాల్సిందే. చివరిగా వచ్చిన ద ఫస్ట్ ఫోర్ ఇయర్స్ రచయిత్రి పోయాక 1971లో అచ్చయిన చిత్తుప్రతి, పిల్లలకి అక్కర్లేదు.

కొనే ముందు

గార్త్ విలియమ్స్ బొమ్మలున్న ముద్రణే తీసుకోండి, 1953లో వచ్చిన ఆ పెన్సిల్ బొమ్మలు లేకపోతే పుస్తకం సగమే. సంక్షిప్తం చేసిన పల్చటి వెర్షన్లు వద్దు, పని వర్ణనలు తీసేస్తే ఇక అందులో మిగిలేదేముంది. నాలుగైదేళ్ల చిన్నవాళ్లకి మాత్రం మై ఫస్ట్ లిటిల్ హౌస్ పేరుతో వచ్చిన రంగుల బొమ్మల పుస్తకాలు బాగుంటాయి. చెవితో వినే పిల్లలకి చెర్రీ జోన్స్ చదివిన ఆడియో వెతకండి, నాన్న ఫిడేలు పాటలు నిజంగా వినిపిస్తాయి, కారులో దూరప్రయాణాలకి సరిగ్గా సరిపోతుంది. అమెరికాలో ఉంటే లిబ్బీ యాప్‌లో లైబ్రరీ కార్డుతో ఉచితంగా దొరకొచ్చు, కొనే ముందు అక్కడ చూడండి.

పాత టీవీ సిరీస్ గురించి తప్పకుండా అడుగుతారు. 1974 నుంచి 1983 దాకా నడిచింది, నాన్నగా వేసిన మైకేల్ లాండన్‌కి గడ్డం కూడా లేదు, అసలు చార్ల్స్ ఇంగల్స్‌కి బారెడు గడ్డం. ఎక్కువ భాగం వాల్‌నట్ గ్రోవ్ ఊళ్లోనే జరుగుతుంది, పుస్తకాల్లో లేని మనుషులూ సంఘటనలూ బోలెడు. చూపించాలనుకుంటే ప్లమ్ క్రీక్ చదవడం అయ్యాక చూపించండి, ఏది పుస్తకంలో ఉంది, ఏది లేదు అని వాళ్లే పట్టుకుంటారు.